డెబ్బైనాలుగు దగ్గర ఆగిన లాప్‌టాప్

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు నడుస్తుంటే ఎడమచేతి పక్క ఒక పాత కాంప్లెక్సు కనిపిస్తుంది. పైన కోచింగ్ సెంటరు, దాని కింద టిఫిన్ సెంటరు, అన్నిటికన్నా అడుగున సెల్లారు. ఆ సెల్లారులో జిరాక్స్ షాపు దాటి, మెట్ల కిందికి వంగి వెళితే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ట్యూబ్‌లైటు. అదే బాలలక్ష్మి షాపు. బోర్డు లేదు. క్యాంపస్‌లో ఏ హాస్టల్లో లాప్‌టాప్ మొరాయించినా "లక్ష్మక్క దగ్గరికి తీస్కపో" అంటారు కాబట్టి బోర్డుతో ఆవిడకి అవసరం పడలేదు.

చదివింది ఏడో తరగతి. పదహారేళ్ళపాటు క్యాంపస్‌లోని ఒక కంప్యూటర్ ల్యాబులో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేసింది. ఊడుస్తూ ఊడుస్తూ స్క్రీన్ల వంక చూసేది. ఎవరు ఏ మీట నొక్కితే ఏమొస్తుందో చూసీ చూసీ కంఠతా పట్టేసింది. ఒకసారి పరీక్షలు రేపనగా ల్యాబు సారు జ్వరంతో రాలేదు. పన్నెండు సిస్టమ్‌లు పడుకున్నాయి. సాయంత్రానికల్లా పన్నెండింటికీ ఓఎస్ ఎక్కించి పెట్టింది. మర్నాడు సారు వచ్చి "ఎవరు చేశారిది?" అని అరిస్తే, చీపురు వీపు వెనక దాచుకుని గోడకి ఆనుకుని నిలబడిందట. పిహెచ్‌డిలు చేసినవాళ్ళు తల గోక్కునే చోట ఈవిడ చెయ్యి చకచకా నడిచేది. ఈ దేశంలో చదువుకీ పనికీ ఉన్న చుట్టరికం ఏపాటిదో తెలియాలంటే ఒక్కసారి ఆ సెల్లారులోకి దిగి చూడాలి.

అన్నీ చేస్తుంది గానీ ఒక్క పని చెయ్యదు. పాత డిస్కు మొత్తం తుడిచేసే ముందు మిషను ఒక ప్రశ్న అడుగుతుంది కదా, ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని. ఆ మీట బాలలక్ష్మి నొక్కదు. లాప్‌టాప్ ఎవరిదో వాళ్ళే రావాలి, వాళ్ళే కూర్చోవాలి. "ఏమేం ఉన్నయో మంచిగ యాదికి తెచ్చుకో బిడ్డా" అని రెండు నిమిషాలు టైమిస్తుంది. ఆ తర్వాత వాళ్ళ వేలితో వాళ్ళే నొక్కాలి. ఫ్రెండుది తెచ్చానంటే తిప్పి పంపేస్తుంది. పిల్లలు నవ్వుతారు, లక్ష్మక్క మడి అని పేరు కూడా పెట్టారు. ఆ మడి ఎక్కడిదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

మొన్న జులైలో ముసురు పట్టిన మధ్యాహ్నం కాత్యాయని అనే అమ్మాయి వచ్చింది. ఎమ్మెస్సీ చదువుతోంది. వాళ్ళది భీమవరం దగ్గర, నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల విద్యానగర్‌లో స్థిరపడ్డారు. అయినా చదువుకోడానికి వీలుగా ఉంటుందని హాస్టల్లో ఉంటోంది. సంచిలోంచి నల్ల లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

"ఓఎస్ ఎక్కడం లేదు ఆంటీ. డెబ్బైనాలుగు శాతం దగ్గర ఆగిపోతోంది. రేపు పదకొండింటికి నా సెమినారు."

"ఎక్కడ కొన్నవ్?"

"మా సీనియర్ దగ్గరండి. తను ఎవరి దగ్గరో కొన్నానంది. మొన్నటిదాకా బానే ఉంది. మొన్న బస్సు దిగుతుంటే బ్యాగు జారి కింద పడింది, అప్పటి నుంచే ఇలా."

అలాంటి నల్ల లాప్‌టాపులు బాలలక్ష్మి వారానికి పది చూస్తుంది. తన పెన్‌డ్రైవ్ గుచ్చింది. స్క్రీన్ మీద డిస్కు ఒక్కటే కనిపించింది. "నీదేనా? మంచిగ యాదికి తెచ్చుకో" అంది. కాత్యాయని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా టక్కున నొక్కేసింది. ఇంత తొందరగా నొక్కినవాళ్ళని బాలలక్ష్మి ఎప్పుడూ చూడలేదు.

పది శాతం, ముప్ఫై, యాభై. పైన వాన. సెల్లారు మూల గుంటలో నీళ్ళు తోడే మోటారు ఉండుండి మూలుగుతోంది. డెబ్బై, డెబ్బైమూడు, డెబ్బైనాలుగు. అక్కడ ఆగింది. ఐదు నిమిషాలు చూసినా అంకె కదల్లేదు. పెన్‌డ్రైవ్ మార్చి మళ్ళీ మొదలుపెడదామని బాలలక్ష్మి పవర్ మీట నొక్కి పట్టుకుని ఆపి, తిరిగి ఆన్ చేసింది.

నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు రెండు మూడుసార్లు తిరిగాయి. అంతలో లాప్‌టాప్ లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"పరుశురాం... లే బిడ్డా..."

చుక్కలు ఆగిపోయాయి. గొంతు తెగిపోయింది. తెర మొత్తం చీకటైంది.

బాలలక్ష్మి తలెత్తి పైకప్పు వంక చూసింది. పైన టిఫిన్ సెంటరు వాళ్ళ ఫోనేమో అనుకుంది, జిరాక్స్ షాపు రేడియో అనుకుంది. కానీ ఆ గొంతు తన రెండు చేతుల మధ్య నుంచే వచ్చిందని ఆవిడకి తెలుసు. కాత్యాయని కుర్చీలోంచి లేచి మెట్ల దగ్గర నిలబడి ఉంది. 

"అదే ఆంటీ" అంది. "నిన్న హాస్టల్లో కూడా... రెండుసార్లు. మా రూమ్మేటు మంచం మార్చుకుని వెళ్ళిపోయింది. చెబితే మీరు ముట్టుకోరేమోనని చెప్పలేదండి."

"మరి నాకు దడుపు ఉండదా ఏంది?" అని కసురుకుంది బాలలక్ష్మి. కసురుకుంటే కాస్త ధైర్యం వచ్చింది.

దయ్యాలంటే ఆవిడకి నమ్మకం లేకపోలేదు. మౌలాలి గుట్ట కింద పుట్టి పెరిగిన మనిషి, తాయెత్తు లేకుండా బడికి పోయింది లేదు. కానీ పదహారేళ్ళు ల్యాబులో నేర్చుకున్నది కూడా ఒకటుంది. మిషను ఏ పనీ ఊరికే చెయ్యదు. కాబట్టి లాప్‌టాప్‌ని అరగంట ఆర్పి పెట్టింది. చల్లారాక ఆన్ చేస్తే గొంతు లేదు, ఏమీ లేదు, మిషను నోరు మూసుకుని కూర్చుంది. పెన్‌డ్రైవ్ మార్చి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టింది. మళ్ళీ సరిగ్గా డెబ్బైనాలుగు. లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చూస్తే అన్నం గిన్నెలా వేడిగా ఉంది. వేడెక్కినప్పుడే ఆగుతోందన్నమాట. వేడి మీద ఉండగా ఆపి ఆన్ చేస్తేనే గొంతు వస్తోందన్నమాట. ఈసారి ఆ పని కావాలనే చేసింది, కళ్ళార్పకుండా తెర వైపు చూస్తూ.

చుక్కలు తిరిగాయి. తెర నీలంగా వెలిగింది. మధ్యలో ఒక కుర్రాడి ఫోటో. గళ్ళ చొక్కా, నూనె రాసి పాపిడి తీసిన జుట్టు, వెనకాల క్యాంపస్‌లో రాతి కమానుల పెద్ద భవనం. ఫోటో కింద పేరు, పరుశురాం. "లే బిడ్డా... తెల్లార..." అంటూ గొంతు వచ్చింది, మధ్యలో తెగింది. కుర్రాడి ముఖం మాత్రం తెర మీద అలాగే నిలిచిపోయింది, ఆవిడ వంక చూస్తూ.

బాలలక్ష్మి కుర్చీ వెనక్కి జరుపుకుంది.  ఆ ఫోటో ఆవిడ ఇంతకు ముందు చూసింది. ఆ గొంతు ఇంతకు ముందు విన్నది. తనని వెతుక్కుంటూ వచ్చాడనే అనుకుంది. అలా అనుకోడానికి ఆవిడకి కారణం ఉంది.

ఆరేళ్ళ కిందట, ఆవిడ ఇంకా ల్యాబులోనే ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఇద్దరు హాస్టల్ పిల్లలు ఈ లాప్‌టాప్ పట్టుకొచ్చారు. "అక్కా, మొత్తం ఫార్మాట్ కొట్టు. ఏం దాచేది లేదు" అన్నారు. ఎవరిదని అడగలేదు. కనిపించిన డిస్కు తుడిచి, కొత్తగా ఎక్కించి ఇచ్చేసింది. పది నిమిషాల పని, ఆలోచన లేని పని. వాళ్ళ కళ్ళు వాచి ఉన్నాయని చూసింది కూడా, నిద్ర చాలలేదేమో అనుకుంది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. వాళ్ళ రూమ్మేటు పరుశురాం డెంగీ జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. అమ్మానాన్న సామాను తీసుకుపోడానికి వస్తున్నారు. ఆ పిల్లలకి ఒక భయం పట్టుకుంది. ఇరవైమూడేళ్ళ కుర్రాడి లాప్‌టాప్‌లో ఏముంటుందో, అవ్వ, అంటే కన్నతల్లి, చూసేది కానిది ఏదన్నా ఉంటుందేమో, పోయినవాడి పరువు పోతుందేమో అని. స్నేహితుడికి చెయ్యగలిగిన ఆఖరి మేలు అనుకుని తుడిపించారు. హాస్టళ్ళలో బతికిన పిల్లలకి మాత్రమే వచ్చే బుద్ధి అది, వాళ్ళని తిట్టడానికి నాకైతే నోరు రాదు.

వారం తర్వాత తల్లి వచ్చింది, బుచ్చవ్వ. సిద్దిపేట అవతల పల్లె. ఖాళీ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఎవరో చెబితే ల్యాబు వెతుక్కుంటూ వచ్చి మెట్ల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి కొడుకు ఫోటో చూపించింది. "ఇండ్ల వాని గొంతు ఏమన్న ఉంటదా బిడ్డా? బొమ్మలు ఇంటికాడ ఉన్నయ్. గొంతే లేదు. యాదికి ఒస్తలేదు నాకు" అంది. బాలలక్ష్మి చూసినట్టు చేసి "ఏం లేదవ్వా, అంత పోయింది" అని చెప్పింది. "ఎవరు తుడిచిండ్రో ఏమో" అంది ఆ తల్లి, కోపం లేకుండానే. "తెల్వదవ్వా" అంది బాలలక్ష్మి. చాయ్ తెప్పించి తాగించింది. బుచ్చవ్వ తన ఫోన్ నంబరు నోటితో చెప్పి, ఏమన్నా దొరికితే చెప్పమని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో చూడలేక లాప్‌టాప్‌ని ఎవరికో అమ్మేసి ఉంటారు.

ఆ రోజు నుంచే తుడిచే మీట నొక్కడం మానేసింది. మీట మానేసినంత సులువుగా ఆ 'తెల్వదు' అన్న మాట వదిలిపోలేదు. మూడు ఫోన్లు మారాయి. ప్రతి ఫోన్లోకీ ఆ నంబరు ఎక్కించుకుంది. ఒక్కసారి కూడా చెయ్యలేదు.

"ఆంటీ, ఎవరతను? మీకు తెలుసా?" అని మెట్ల మీది నుంచే అడిగింది కాత్యాయని.

బాలలక్ష్మి లాప్‌టాప్ ఆర్పి, బోర్లించి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. ఒక స్క్రూ జారి బల్ల కిందికి దొర్లింది. వెనక మూత ఊడొచ్చింది. డిస్కు ఉండే చోట డిస్కు ఉంది. సీడీలు పెట్టే అర ఉండే చోట సీడీ అర లేదు. రేకు చట్రంలో ఇంకో డిస్కు ఉంది, పాతది, బరువుది. చట్రం ఒక పక్క స్క్రూ లేక ఊగుతోంది.

అప్పుడు అర్థమైంది. ఆ కుర్రాడు కొత్త డిస్కు కొనుక్కుని, పాతదాన్ని పారెయ్యడానికి మనసొప్పక, పనికిరాని సీడీ అర పీకేసి అక్కడ బిగించుకున్నాడు. క్యాంపస్‌లో సగంమంది చేసే పనే. బిగింపు వదులైంది. ఆ రోజు తను తుడిచినప్పుడు అది తగల్లేదు కాబట్టి కనపడలేదు, కనపడలేదు కాబట్టి మిగిలింది. ఇన్నేళ్ళూ చేతులు మారుతూ చడీచప్పుడు లేకుండా అందులోనే ఉంది. బస్సు దగ్గర కిందపడ్డ దెబ్బకి కాస్త జరిగింది. ఇప్పుడు మిషను వేడెక్కినప్పుడల్లా రేకు వ్యాకోచించి డిస్కు తగులుతోంది. తగిలీ తగలక ఎక్కే పనిని మధ్యలో చెడగొడుతోంది. తగిలినప్పుడు ఆన్ చేస్తే పాత ఓఎస్ నిద్ర లేస్తోంది, పరుశురాం పెట్టుకున్నదంతా పెట్టుకున్నట్టే.

భయం పోయింది. భయం ఉన్నప్పుడే నయమనిపించింది బాలలక్ష్మికి. "ఒక్క మూత ఇప్పి చూస్తే ఆ రోజే దొరుకుతుండె" అని పైకే అంది. "పది నిమిషాల పని."

"ఆ డిస్కు తీసి అవతల పారెయ్యండి ఆంటీ, ప్లీజ్" అంది కాత్యాయని.

"ఇది నీది కాదు బిడ్డా. నాది గూడ కాదు."

పాత డిస్కుని తన సిస్టమ్‌కి వైరుతో కలిపింది. టిక్, టిక్, టిక్. లోపల డిస్కు చదివే ముల్లు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు చేసే డిస్కు ఎక్కువసేపు బతకదు, మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, తెరిస్తే తెరుచుకోవడం లేదు. ఫోటోలు రాలేదు, నోట్సు రాలేదు. ఒక పక్కన, ఆన్ చెయ్యగానే వచ్చే సంగీతం ఉండే చోట, చిన్న ఫైలు ఒకటి ఉంది. పేరు 'అవ్వ ఐదు గంటలకు'. దాన్ని కాపీ పెట్టింది. సగంలో ఆగింది. టిక్, టిక్.

డిస్కుని చేతిలోకి తీసుకుని నిలువుగా పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆవిడకే తెలియదు, ల్యాబులో ఎవరో అలా చేస్తే చూసింది, అంతే. అరచేతిలో అది కొట్టుకుంటోంది. ట్యూబ్‌లైటు ఒకసారి ఆరి వెలిగింది. "కరెంటు పోవద్దు తల్లీ, పోవద్దు" అని గొణుక్కుంటూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. మెట్ల దగ్గర నుంచి కాత్యాయని ఎప్పుడు దిగొచ్చిందో, పక్కనే నిలబడి తనూ ఊపిరి బిగబట్టింది. కాపీ పూర్తయింది. ఇంకోటి తెరవబోతే డిస్కు గట్టిగా ఒక్కసారి గీరుకుని ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

ఫైలు నొక్కింది.

"పరుశురాం... లే బిడ్డా... తెల్లారింది, లే..."

ఇన్నిసార్లూ ఇక్కడికి రాకముందే తెగింది. ఈసారి తెగలేదు. ఏదో గరగర, దుప్పటి సర్దుకున్న చప్పుడు. తర్వాత నిద్రమత్తులో బొంగురుగా ఒక కుర్రాడి గొంతు.

"ఆఁ... లేస్తున్ననే అవ్వా... లేస్తున్న..."

అంతే. రోజూ తెల్లవారుజామున కొడుకుని చదువుకి లేపడానికి ఆ తల్లి ఊరి నుంచి ఫోన్ చేసేది. ఒకరోజు కాల్‌ని రికార్డు చేసి, లాప్‌టాప్ ఆన్ అయితే వినపడేలా పెట్టుకున్నాడు వాడు. కాత్యాయని రెండు చేతులతో నోరు మూసుకుంది. 

చట్రం ఖాళీ అయ్యాక మిషన్‌కి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టారు. మీట కాత్యాయనే నొక్కింది, ఈసారి కాసేపు ఆలోచించి. డెబ్బైమూడు, డెబ్బైనాలుగు, డెబ్బైఐదు. నూరు దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. కాత్యాయని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది గానీ వెళ్ళలేదు, కుర్చీ అంచున కూర్చుంది.

బాలలక్ష్మి ఫోన్ తీసింది. నంబరు ఉంది. నొక్కడానికే వేలు రాలేదు. దొరికిందని చెప్పాలంటే ఎక్కడ పోయిందో చెప్పాలి. ఆరేళ్ళు ఈ ఒక్క మాటకి భయపడే కదా బతికింది. ఎదుటివాళ్ళ చేత వాళ్ళ మీట వాళ్ళనే నొక్కమనే మనిషి, తన మీట దగ్గర ఇంతసేపు కూర్చుంది. చివరికి నొక్కింది.

నాలుగు రింగుల తర్వాత ఎత్తారు. "ఎవరు బిడ్డా?"

అదే గొంతు. మధ్యాహ్నం నుంచి మిషన్లో వినపడుతున్న గొంతే, కాస్త అరిగిపోయి.

"అవ్వా, నేను బాలలక్ష్మిని. యూనివర్సిటీల కంప్యూటర్ల రూము. ఆరేండ్ల కింద మీరు ఒచ్చిండ్రు."

"యాదికున్నది. చాయ్ తాపిచ్చినవ్ గద."

ఆ చాయ్ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "అవ్వా, ఎవరు తుడిచిండ్రో తెల్వదని చెప్పిన ఆనాడు. నేనే తుడిచిన. నాకు తెల్వక చేసిన, గని తెలిసినంక గూడ మీకు అబద్ధం చెప్పిన."

అవతల ఎక్కడో మేక అరిచింది.

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్ బిడ్డా?"

"మీ కొడుకు గొంతు దొరికిందవ్వా. కొంచెమే. వింటరా?"

 ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టి, బాలలక్ష్మి ఫైలు నొక్కింది. లే బిడ్డా అంది గొంతు. లేస్తున్ననే అవ్వా, అన్నాడు పరుశురాం. గరగర ఆగిపోయింది. సెల్లారులో మోటారు ఒక్కటే మూలుగుతోంది.

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని బాలలక్ష్మి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఫోన్లోంచి బుచ్చవ్వ గొంతు వచ్చింది, పక్కగదిలో కొడుకుని పెట్టుకుని ఎవరితోనో వాడి మీద చెప్పుకుంటున్నట్టు.

"లేస్తున్న అంటడు గని లేవడు బిడ్డా. మళ్ళ ముసుగు తన్ని పండుకుంటడు. రెండోసారి ఫోన్ చెయ్యాలె వానికి."

బాలలక్ష్మి ఫైలు రెండోసారి నొక్కింది.